ఫైలు మొదటి పేజీలోని ఒక్క మాట గురించి వైద్యులకు బహిరంగ లేఖ

జనరల్ ఫిజిషియన్లకు, నాడీ వైద్య నిపుణులకు, ముఖ్యంగా రోగిని పరీక్షించే విద్యను తర్వాతి తరానికి నేర్పుతున్న వైద్య కళాశాలల ఆచార్యులకు నమస్కారం.

మూడేళ్లకు పైగా నా ఫైలు మొదటి పేజీలో, వ్యాధి నిర్ధారణ అని రాసి ఉన్న గడిలో, ‘ఆందోళన’ అనే ఒక్క మాట ఉండేది. ఆ మాట రాసిన డాక్టరుగారు నా కాళ్లను ముట్టుకోలేదు. వారిని చెడ్డవారనడానికి ఇది చెప్పడం లేదు. బయట వరండా నిండా మనుషులు, చేతిలో ఒకటికి నాలుగు నార్మల్ రిపోర్టులు, ఎదురుగా నెలల తరబడి నిద్రలేని ముఖంతో, గొంతు వణుకుతూ నేను. అలాంటప్పుడు ఆ మాట ఎంత సులువుగా కలం కిందికి వస్తుందో ఊహించగలను. కానీ అరనిమిషంలో రాసిన ఆ మాట మూడేళ్లు నా కంటే ముందు నడిచింది. నేను ఏ గదిలోకి వెళ్లినా అది అప్పటికే అక్కడ కూర్చుని ఉండేది. మీ రాతలో ఒక చిన్న మార్పు కోరడానికే ఈ లేఖ. కారణం తెలియనప్పుడు దయచేసి ‘కారణం ఇంకా తెలియలేదు’ అనే రాయండి.

నా బాధ మొదలైంది కుడి అరికాలి మంటతో. పగలు పనిలో పడితే మరిచిపోయేంత చిన్నది, రాత్రి పక్క మీద వాలగానే నిప్పుల్లో కాలు పెట్టినట్టు రాజుకునేది. రెండు మూడు నెలల్లో ఎడమ పాదానికీ పాకింది. దుప్పటి అంచు వేళ్లకు తగిలినా ఓర్చుకోలేక, ఎంత చలిలోనైనా పాదాలు మాత్రం దుప్పటి బయట పెట్టి పడుకోవడం అలవాటైంది. ఇంత మంట పుట్టే ఆ పాదమే, స్నానపు నీళ్లలో పెడితే అవి వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చెప్పలేకపోయేది. చెయ్యి ముంచి చూసుకోవలసి వచ్చేది. కూర్చున్నచోటి నుంచి లేస్తే గుండె దడదడలాడి కళ్ల ముందు చీకట్లు కమ్మేవి. ఒళ్లంతా చెమట పట్టిన రోజున కూడా పాదాలు కాగితంలా పొడిగా ఉండేవి. నడకలో తేడా లేదు, బలం తగ్గలేదు, చూసేవాళ్లకు ఏమీ కనిపించదు. ఇవన్నీ ఒకే తీగకు కాసిన కాయలని నాకు తెలియదు. తీగను పట్టుకోవలసింది మీరు. కాయలన్నింటినీ మీ ముందు పెట్టడం వరకే నా పని. ఆ పని చేసే అవకాశమే నాకు చాలా కాలం దొరకలేదు.

‘ఏమిటి ఇబ్బంది?’ అని అడిగాక రోగిని ఎంతసేపు మాట్లాడనిస్తున్నారన్నది మీ శాస్త్రమే గడియారం పెట్టి లెక్కగట్టిన విషయం. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు అమెరికాలో సంప్రదింపులను రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకు డాక్టరు మధ్యలో అందుకుంటున్నారని తేలింది. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో, రోగి తనంతట తాను ఆపేదాకా అడ్డుపడవద్దని డాక్టర్లకు చెప్పి స్టాప్‌వాచీతో కొలిచారు. రోగులు సగటున 92 సెకన్లలో చెప్పడం ముగించారు. నూటికి 78 మంది రెండు నిమిషాల లోపే ఆపేశారు. వదిలేస్తే రోగి గంటలకొద్దీ చెబుతూనే ఉంటాడన్న భయానికి అక్కడ ఆధారం దొరకలేదన్నమాట. పై పేరాలో రాసినదంతా నేను ఇంట్లో గడియారం చూస్తూ పైకి చదివాను. ఒక నిమిషం పది సెకన్లు పట్టింది. మొదటి డాక్టరుగారి దగ్గర నేను ‘మంట’ దాటి ముందుకు వెళ్లలేదు, రెండో చోట దుప్పటి దాకా వచ్చాను. నీళ్ల వేడి తెలియడం లేదన్న సంగతి మూడో చోట కూడా నోట్లోనే ఉండిపోయింది. చివరికి తాళం తీసింది ఆ సంగతే.

ఇక రిపోర్టుల విషయం. ‘అన్నీ నార్మల్, మీకేమీ లేదు’ అనే వాక్యంలో నిజానికి రెండు వాక్యాలున్నాయి, మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. నాకు చేసిన నెర్వ్ కండక్షన్ పరీక్షనే తీసుకోండి. అది కొలిచేది మందమైన తొడుగున్న పెద్ద నరాల తంతువుల వేగాన్ని, అంటే సెకనుకు దాదాపు 50 మీటర్ల చొప్పున కబురు మోసేవాటిని. మంటను, వేడిని, చెమటను చూసుకునేవి సన్నని తంతువులు. వాటిలో అతి సన్నని సి తంతువుల వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ. ఆ పరీక్ష యంత్రానికి అవి కనిపించవు. పెద్ద రహదారి మీద వాహనాలు సాఫీగా పోతున్నాయని చూసి, ఊళ్లోని సందులన్నీ బాగున్నాయని తేల్చినట్టయింది నా వ్యవహారం. ఈ మాట మీకు నేను చెప్పడం సాహసమే. మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే, కానీ నాకు చెప్పినవారు లేరు. ‘ఈ పరీక్ష పెద్ద నరాలను మాత్రమే చూస్తుంది, అవి బాగున్నాయి’ అని ఒక్కరు చెప్పి ఉంటే, ‘అయితే చిన్న నరాల సంగతేమిటి?’ అని నేనే అడిగేదాన్ని.

ఇది ఒక్క నా జబ్బుకే సంబంధించినది కాదు. బి12 లోపంతో నరాలు దెబ్బతిన్న 141 మందిని లిండెన్‌బామ్ బృందం పరిశీలించి 1988లో ప్రకటించినప్పుడు, వారిలో 40 మందికి రక్తహీనత గానీ ఎర్రకణాల పరిమాణంలో పెరుగుదల గానీ లేదని తేలింది. రక్త పరీక్ష బాగుందని అక్కడితో ఆగి ఉంటే ఆ నలభై మంది ఇంటికి వెళ్లిపోయేవారు. వాడేకొద్దీ కండరాలు అలసిపోయే మయస్థీనియా జబ్బు ఒళ్లంతా వ్యాపించినవారిలో, నరం పంపే కబురును కండరంలో అందుకునే ఎసిటైల్‌కొలీన్ గ్రాహకాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు నూటికి దాదాపు 85 మందిలోనే కనిపిస్తాయి, జబ్బు కళ్లకే పరిమితమైనవారిలో సగం మందిలోనే. కాళ్ల నుంచి బలహీనత వేగంగా పైకి పాకే గిలాన్ బారే జబ్బు మొదటి వారంలో వెన్ను నీరు మామూలుగానే ఉండవచ్చు. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ పరీక్షలో మొదటిసారి ఏమీ కనిపించలేదని మూర్ఛను కొట్టిపారేయలేరు. మెదడుకు తీసిన ఎమ్మారై మెడలోని వెన్నుపాము గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఇవన్నీ మీకు తెలిసినవే. నా ఆవేదనల్లా, ఇంత తెలిసిన శాస్త్రం రోగి ముందుకు వచ్చేసరికి ‘అన్నీ నార్మల్’ అనే రెండు మాటలుగా ఎండిపోవడమే.

కొంత తప్పు మా మాటల్లోనూ ఉంది. తెలుగులో ‘తిమ్మిరి’ అంటే కొందరికి చీమలు పాకినట్టు చిమచిమలాడడం, మరికొందరికి ముట్టుకున్నా తెలియని మొద్దుతనం. ఒకటి లేనిపోని స్పర్శ, రెండోది ఉండవలసిన స్పర్శ లేకపోవడం. మీ లెక్కలో రెండూ వేర్వేరు. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అనే మాటలో కనీసం మూడు జబ్బులు దాగి ఉంటాయి. గది గిర్రున తిరగడం చెవి లోపలి భాగం నుంచో మెదడు కాండం నుంచో రావచ్చు, కళ్లు బైర్లు కమ్మి పడిపోబోవడం రక్తపోటుదో గుండెదో కావచ్చు, కాళ్ల కింద నేల నిలకడగా లేకపోవడం నరాలదో చిన్న మెదడుదో కావచ్చు. ‘నీరసం’ సంగతి మరీ కష్టం. చెయ్యి ఎత్తడానికి ఇష్టం లేకపోవడమూ నీరసమే, ఎత్తబోతే లేవకపోవడమూ నీరసమే, పొద్దున లేచిన చెయ్యి సాయంత్రానికి లేవకపోవడమూ నీరసమే. ఈ మూడోది మయస్థీనియాకు గుర్తు. ‘నీరసంగా ఉంది’ అని విని ‘టెన్షన్ తగ్గించుకోండి’ అనడానికి, ‘జుట్టు దువ్వుకుంటూ మధ్యలో చెయ్యి దించేస్తున్నారా?’ అని అడగడానికి పట్టే సమయం ఒకటే. మేము వాడే మాట వదులుగా ఉన్నప్పుడు దాన్ని బిగించే ప్రశ్న మీ నుంచే రావాలి, ఎందుకంటే బిగించవలసింది ఎక్కడో మాకు తెలియదు.

కళ్లు తిరగడం గురించి ఇంకొక్క మాట. నేను ఆసుపత్రి వరండాలో పరిచయం చేసుకున్న ఒక పెద్దాయన, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే ముందుకు తూలి వాష్‌బేసిన్ అంచు పట్టుకుంటున్నానని చెప్పారు. ఆయన దాన్ని వయసుకు జమకట్టుకున్నారు. పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు కబురు అందనప్పుడు కళ్లే ఆ లోటు తీరుస్తాయనీ, కళ్లు మూసుకుంటే ఆ ఆసరా పోతుందనీ, రోంబర్గ్ పరీక్ష పేరిట మీరు విద్యార్థులకు నేర్పేది ఇదేననీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. పాదాలు దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని నిలబడమనడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అప్పటిదాకా ఆయనను ఎవరూ అలా నిలబెట్టలేదు.

ఇప్పుడు అవతలి పక్షం. నాలాంటి రోగులు రాసే లేఖల్లో ఈ భాగం తరచుగా ఉండదు, ఉండకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. నిర్మాణంలో ఏ లోపమూ లేకుండా నాడీవ్యవస్థ పనితీరు దెబ్బతినే జబ్బులు ఉన్నాయి, అవి చాలా మందిలో ఉన్నాయి, వాటితో బాధపడేవారు నటించడం లేదు. ఫంక్షనల్ నరాల రుగ్మత అని మీరు పిలిచే ఆ నిర్ధారణకు తనవైన గుర్తులున్నాయి. హూవర్ అనే వైద్యుడు 1908లో వర్ణించిన పరీక్షలో, బలహీనమైన కాలిని మంచానికేసి నొక్కమంటే రోగి నొక్కలేరు. రెండో కాలు పైకెత్తమంటే ఆ బలహీనమైన కాలే తనంతట తాను మంచాన్ని గట్టిగా నొక్కుతుంది. దారి తెగలేదు, మనసు అనుకున్నప్పుడు ఆ దారి దొరకడం లేదు. దాన్ని రోగికే చూపించి వివరిస్తే సగం భయం పోతుందని, తగిన ఫిజియోథెరపీతో మెరుగు ఉంటుందని నేను చదివాను. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం, ఈ నిర్ధారణకు ఏదో ఒక మానసిక ఒత్తిడిని కారణంగా చూపి తీరాలన్న నిబంధనను కూడా తొలగించింది. పరీక్షించి, గుర్తు చూపించి, నాది ఆ రుగ్మతే అని చెప్పి ఉంటే నేను సంతోషంగా ఒప్పుకునేదాన్ని. ‘ఆందోళన’ అని రాయడం అలాంటి నిర్ధారణ కాదు. అది ఖాళీ గడిని నింపడం.

ఇలాంటి లక్షణాలను ఫంక్షనల్ అని తేల్చాక తర్వాతి కాలంలో వేరే జబ్బు బయటపడిన సందర్భాల మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2005లో ఒక సమీక్ష వచ్చింది. 1950లలో ఆ పొరపాటు నూటికి 29 దాకా ఉండేదని, 1960లలో 17కు, 1970ల నుంచి 4కు తగ్గిందని అందులో ఉంది. నాలుగు చిన్న సంఖ్యే, మీరు గర్వపడదగినదే. అయితే ఆ నాలుగు, నిపుణులు చూసి నిర్ధారించిన రోగుల్లో లెక్కించినది. కాలు ముట్టుకోకుండా రాసిన ‘టెన్షన్’ల లెక్క అందులో లేదు, ఆ లెక్క తీసేవాళ్లూ లేరు, ఎందుకంటే అలాంటి రోగి తిరిగి ఆ డాక్టరు దగ్గరికి రాడు. రాకపోవడాన్ని నయం కావడంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఆందోళన నాకు లేదని కూడా అనను. ఉంది. ఆరు నెలలు వరుసగా రాత్రి మూడింటి దాకా కాళ్ల మంటతో కూర్చున్న మనిషికి రాకపోతే ఆశ్చర్యపడాలి. ఏది ముందు వచ్చింది, ఏది వెనుక వచ్చింది అని అడిగితే తేదీలతో సహా చెప్పగలిగేదాన్ని. తేదీలు రాసుకుని తీసుకువెళ్లిన రోజున ‘ఇంత పట్టించుకుంటే జబ్బు రాక ఏమవుతుంది?’ అన్నారు, రాసుకోకుండా వెళ్లిన రోజున ‘స్పష్టంగా చెప్పలేకపోతున్నారు’ అన్నారు.

ఒక జబ్బుకు పరీక్ష పుట్టకముందు ఆ జబ్బు లేదని ఎవరూ అనరు, కానీ ఆ కాలపు రోగులతో అలాగే వ్యవహరించారు. కండరాలు బిగుసుకుపోయే స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్‌ను అమెరికాలోని మాయో క్లినిక్‌కు చెందిన మోర్ష్, వోల్ట్‌మన్ 1956లో వర్ణించారు. దానితో ముడిపడిన, రక్తంలో కనిపించే గాడ్ యాంటీబాడీలు 1988లో గానీ దొరకలేదు. మధ్యలోని ముప్పై రెండేళ్లలో, చప్పుడుకు ఉలిక్కిపడి కొయ్యలా బిగుసుకుపోయే రోగి రక్తంలో చూపించడానికి ఏమీ లేదు. జపాన్‌కు చెందిన సెగావా అనే వైద్యుడు వర్ణించిన డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే మెలితిరిగే జబ్బు, దాని సంగతి ఇంకా విచిత్రం. పొద్దున బాగా నడిచిన పిల్లకు సాయంత్రానికి కాలు మెలి తిరిగి నడక రాదు. చూసేవారికి అది బడి ఎగ్గొట్టే నాటకంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ నిద్రపోయి లేస్తే తగ్గడమే దాని లక్షణం, కొద్ది మోతాదులో లీవోడోపా అనే మందు ఇస్తే ఆ పిల్ల సాయంత్రం కూడా నడుస్తుంది. లక్షణం వచ్చి పోతూ ఉందంటే అబద్ధమనే అనుమానం మీకు మొదట కలిగితే, ఈ పిల్లను ఒక్కసారి గుర్తు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

నా ఫైలులోని మాట ఎలా ప్రయాణించిందో చెబుతాను. రెండో డాక్టరుగారు నన్ను చూడకముందు ఫైలు చూశారు. ‘ముందే చూపించుకున్నారుగా’ అన్నారు. మూడో చోట నన్ను లోపలికి పిలిచేసరికే మానసిక వైద్యులకు ఉత్తరం సగం రాసి ఉంది. ఆ మానసిక వైద్యురాలే న్యాయంగా మాట్లాడిన మొదటి మనిషి: ‘మీకు నిద్ర లేదు, దిగులు ఉంది, కానీ అరికాలి మంటకు నా దగ్గర వివరణ లేదు, మళ్లీ నరాల డాక్టరుకే చూపించుకోండి’ అని రాసి పంపారు. ఆ కాగితాన్ని తర్వాత ఎవరూ చదివినట్టు లేదు. ఫైలు అంటే ఆసుపత్రిలోనే ఉండేది కాదు, ఇంటికీ వస్తుంది. మా అక్క చదివింది. ఆ రోజు నుంచి, కాలు నొప్పిగా ఉందంటే ‘మనసు మళ్లించుకో’ అనడం మొదలుపెట్టింది. ఆమెకు నా మీద ప్రేమ తగ్గలేదు, డాక్టరు రాసిన మాట మీద నమ్మకం ఎక్కువైంది. కొన్నాళ్లకు నేనూ నమ్మాను. పాదం మీద వేడి టీ ఒలికి బొబ్బ లేచిన సంగతి మర్నాడు చూసుకుని, అది కూడా నా ఆందోళనే చేసిందా అని ఆలోచించిన రోజు నాకు గుర్తుంది.

నాలుగో డాక్టరుగారు వయసులో చిన్నవారు. ఫైలు తీసుకుని బోర్లించి పక్కన పెట్టి, ‘మొదటి నుంచి మీరే చెప్పండి’ అన్నారు. దుప్పటి, నీళ్లు, చెమట, లేచి నిలబడితే దడ, అన్నీ వచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి మేజోళ్లు తీయమన్నారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి మీద పెట్టారు. అదురు స్పష్టంగా తెలిసింది. తర్వాత మోగించకుండా, ఆ చల్లటి ఇనుము పక్కభాగాన్ని పాదం మీద ఆనించి, ‘చల్లగా ఉందా?’ అన్నారు. ఏదో ఆనించినట్టు తెలిసింది గానీ చల్లదనం లేదు. కొంచెం పైకి జరిపారు. లేదు. చీలమండ దాటి నాలుగు వేళ్ల వెడల్పు పైకి వచ్చాక ఒక్కసారిగా మంచుముక్క పెట్టినట్టు జివ్వుమంది. అక్కడ పెన్నుతో ఒక గీత గీశారు. రెండో కాలికీ అలాగే చేస్తే, దాదాపు అంతే ఎత్తులో రెండో గీత పడింది. పుల్లను విరిచి మొనతో గుచ్చి చూస్తే ఆ గీతలే సరిహద్దులయ్యాయి. కళ్లు మూసుకుని ఉన్న మనిషి రెండు కాళ్లకూ ఒకే ఎత్తున గీత పడేలా అబద్ధం చెప్పడం కష్టమని వారు నవ్వుతూ అన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపును వారు ఫైలులో రాయలేదు. తర్వాత పది నిమిషాలు నిలబెట్టి నాడి లెక్కపెట్టారు. మొత్తం పాతిక నిమిషాలు.

‘ఇది ఎందుకు వచ్చిందో నాకు ఇప్పుడు తెలియదు, కానీ మీరు చెప్పింది మీ కాలి మీద ఉంది’ అని వారన్నారు. ఇన్నేళ్లలో ఒక వైద్యుడి నోట ‘నాకు తెలియదు’ అనే మాట వినడం అదే మొదటిసారి. ఆ మాటతో తమ మీద గౌరవం తగ్గుతుందని మీలో కొందరు భయపడతారేమో. నా అనుభవంలో, నేను మందులు వేళకు వేసుకోవడం మొదలుపెట్టింది ఆ మాట విన్నాకే.

చీలమండకు పది సెంటీమీటర్ల పైన ఒకచోట, తొడ దగ్గర మరొకచోట, మూడు మిల్లీమీటర్ల వెడల్పున చర్మం ముక్క తీశారు. మత్తు సూది తప్ప నొప్పి లేదు, కుట్లు కూడా పడలేదు. చర్మం పైపొరలోకి వచ్చే సన్నని నరాల కొసలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి, అదే వయసువారికి ఉండవలసిన సంఖ్యతో పోలుస్తారు. కాలి ముక్కలో నాకు అవి చాలా తక్కువ ఉన్నాయి. జబ్బు పేరు చిన్న తంతువుల నరాల వ్యాధి. చక్కెర, బి12, థైరాయిడ్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు వంటి కారణాల కోసం వెతికారు, ఏదీ దొరకలేదు. ఇలా కారణం దొరకనివారు ఈ జబ్బులో చాలా మందే ఉన్నారు. అంటే ఇంత జరిగాక కూడా నాకు పూర్తి సమాధానం లేదు. తేడా ఏమిటంటే, ఇప్పుడు తెలియనిది ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో కాగితం మీద ఉంది.

ఒక చిన్న వింత కూడా చెప్పాలి. నొప్పికి వారు రాసిన మాత్ర, మూడేళ్ల క్రితం ‘టెన్షన్‌కు’ అని నాకు రాసిచ్చిన అదే అమిట్రిప్టిలిన్. అప్పుడు రెండు వారాలు వేసుకుని ఆపేశాను, నాకు లేని జబ్బుకు మందు ఎందుకని. నరాల నొప్పికి కూడా అది పనిచేస్తుందని చెప్పి ఇచ్చి ఉంటే మూడేళ్ల రాత్రులు కొన్ని మిగిలేవి. మందు సరైనదే. దాని పక్కన రాసిన కారణం దాన్ని నా చేత పారేయించింది.

నేను మరిన్ని స్కాన్లు అడగడం లేదు. అవసరం లేని స్కాన్‌లో కనిపించే అవసరం లేని మచ్చ మరో ఏడాది భయానికి విత్తనమని నాకు తెలుసు. కోరుతున్నది ఇది: రోగి చెప్పినదాన్ని రెండు వాక్యాలైనా రోగి మాటల్లోనే రాయండి. ‘పాదాల్లో మంట, దుప్పటి తగిలితే ఓర్వలేరు, నీళ్ల వేడి తెలియడం లేదు’ అని ఉంటే రెండో డాక్టరు ఆ మాట దగ్గరైనా ఆగేవారు. ఏది పరీక్షించారో, సమయం చాలక ఏది పరీక్షించలేదో రాయండి; పరీక్షించకపోవడం నేరం కాదు, పరీక్షించినట్టు కనిపించడమే తర్వాతివారిని తప్పుదారి పట్టిస్తుంది. నిర్ధారణ గడిలో ‘కారణం ఇంకా తెలియలేదు’ అని రాసి, పక్కన ఎప్పుడు మళ్లీ చూడాలో ఒక తేదీ వేయండి. నాలుగు పంక్తులు. ‘ఆందోళన’ అని రాయడం కంటే బహుశా ముప్పై సెకన్లు ఎక్కువ.

ఆ తేదీకి నేను పెద్ద విలువ ఇస్తున్నాను, కారణం మీ శాస్త్రంలోనే ఉంది. మెదడు, వెన్నుపాముల్లోని నరాల తొడుగు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను నిర్ధారించడానికి 2001లో వచ్చిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు, దెబ్బ వేర్వేరు చోట్ల తగిలిందని, వేర్వేరు సమయాల్లో తగిలిందని చూపమని అడిగాయి. కాలాన్నే ఒక సాక్ష్యంగా లెక్కించిన వైద్య శాఖ మీది. నరాల జబ్బు చాలాసార్లు మొదటి రోజున ముఖం చూపించదు. సుత్తి దెబ్బకు ఈ రోజు కనిపించిన ప్రతిచర్య ఆరు నెలల తర్వాత ఉండకపోవచ్చు, ఈ రోజు పాదం మీద ఉన్న గీత అప్పటికి పిక్క మీదికి రావచ్చు. మళ్లీ చూస్తేనే తెలుస్తుంది, మళ్లీ చూడాలంటే రోగి మళ్లీ రావాలి, రావాలంటే మొదటిసారి అవమానపడకుండా వెళ్లి ఉండాలి. రోజుల్లోనే కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత, ఊపిరి ఆడకపోవడం, ముఖం పక్కకు లాగడం, మాట పడిపోవడం, మూత్రం బిగిసిపోయి కూర్చునే చోట మొద్దుబారడం వంటివి వస్తే తేదీ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి రమ్మని ఆ కాగితం మీదే రాసివ్వండి. మాకు అది బెదిరింపుగా అనిపించదు. మిగతావాటికి ఆగవచ్చన్న ధైర్యం దానితోనే వస్తుంది.

మా వైపు నుంచి చేయగలిగినవి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మూడు కిలోల ఫైలు బదులు, తేదీల వరుసలో ఒకే పేజీ తీసుకువెళ్లడం. వచ్చి పోయే లక్షణమైతే వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీయించుకోవడం. ‘నాకు ఫలానా జబ్బు ఉందనుకుంటున్నాను’ అనకుండా ‘నాకు ఇలా అవుతోంది’ అనడం. ఈ మూడోది కష్టం, ఎందుకంటే ఎవరూ వినకపోతే మనిషి తనే వెతుక్కుంటాడు, వెతుక్కున్న పేరుతో మీ ముందు కూర్చుంటాడు, ఆ పేరు వినగానే మీకు చిరాకు పుడుతుంది. ఆ పేరును పక్కన పెట్టి, దాని వెనుక ఉన్న లక్షణం ఏమిటని అడగండి.

ఆచార్యులకు ఒక ప్రత్యేక విన్నపం. మీ విద్యార్థులకు పేరున్న జబ్బుల కథలే చెబుతుంటారు; కథ చివర నిర్ధారణ ఉంటుంది. నిర్ధారణ లేకుండా ముగిసిన కేసు ఒకటైనా వారి ముందు పెట్టి, ఆ రోగికి ఆ రోజు ఏమి చెప్పాలో, కాగితం మీద ఏమి రాయాలో వారి చేత చెప్పించండి, రాయించండి. చల్లటి ట్యూనింగ్ ఫోర్క్‌ను కాలి మీద జరిపే ఆ రెండు నిమిషాల పనిని పరీక్ష మార్కుల కోసం కాక, మంచం మీద నిజంగా చేయించండి.

పాత ‘ఆందోళన’ను కొట్టివేయమని నేను రికార్డుల విభాగానికి వినతి పెట్టుకున్నాను. రాసినదాన్ని చెరపడం కుదరదని, దాని కింద తేదీతో కొత్త వాక్యం చేర్చవచ్చని చెప్పారు. కిందటి నెలలో ఆ నాలుగో డాక్టరుగారు నా కాళ్ల మీద మళ్లీ గీతలు గీశారు. కుడివైపుది అంగుళం పైకి జరిగింది, ఎడమవైపుది కదలలేదు. ఇంటికి వచ్చాక గీతలు చెరిగిపోకముందే ఫొటో తీసుకున్నాను. ఫైలు మొదటి పేజీలో, పాత మాట కింద, వారి చేతిరాతలో ఇప్పుడు ఇలా ఉంది: ‘చిన్న తంతువుల నరాల వ్యాధి, చర్మపు ముక్క పరీక్షలో నిర్ధారణ. కారణం ఇంకా తెలియలేదు. ఆరు నెలలకు మళ్లీ చూడాలి.’

భవదీయురాలు,
ఒక రోగి